పసుపు చుక్క

దుబాసి చేతులు మళ్లీ బిగుసుకుపోయాయి. ఆమె ఆపలేదు, వేళ్లు ఆడిస్తూనే ఉంది. తెర మీద కుడిమూల ఉన్న చిన్న గడిలో మాత్రం ఆమె బొమ్మ కుడిచెయ్యి గాలిలోకి ఎత్తి, నోరు సగం తెరిచి, ఎవరినో దీవిస్తున్నట్టు ఉండిపోయింది.

అవతల మందుల దుకాణం. కౌంటరు మీద ఫోను నిలబెట్టి ఉంది. ఒకవైపు మందులమ్మే అమ్మాయి, ఇంకోవైపు చెవులు వినపడని వెల్డరు. ఆ అమ్మాయి నోటితో చెప్పేది దుబాసి విని సైగల్లో చెప్పాలి, వెల్డరు సైగల్లో అడిగేది చూసి నోటితో చెప్పాలి. వాళ్లక్కడ, ఈమె ఇక్కడ, తన ఇంట్లో నీలిరంగు దుప్పటి కట్టిన గోడకి వీపు పెట్టి. ఆమె ఉద్యోగం అదే.

"పొద్దున సగం మాత్ర, సాయంత్రం ఒకటి. తిన్నాకే వేసుకోవాలి," అంది అమ్మాయి.

దుబాసి చెప్పింది. వెల్డరు కనుబొమలు ముడిచి, తల కాస్త ముందుకు పెట్టి, "బొమ్మవైపోయావు" అని సైగ చేశాడు. ఆమె మళ్లీ చెప్పింది, ఈసారి నెమ్మదిగా, చేతులు బాగా చాపి, ఒక్కో సైగనీ తెర అంచుల దాకా సాగదీసి. బొమ్మ కదిలింది, ఆగింది, కదిలింది. అయిదు వేళ్లూ కలిసిపోయి పిండిముద్దలా కనిపించాయి.

వెల్డరు నవ్వాడు. "నాకు చెవులే లేవు, కళ్లు బాగానే ఉన్నాయి. ఎందుకంత పెద్దగా అరుస్తున్నావు?"

ఆమెకి నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. జవాబు చెప్పేలోపే తెర తెల్లబడింది. ఆఫీసువాళ్లు ఆ పిలుపుని ఆమె చేతుల్లోంచి తీసి ఇంకో దుబాసికి ఇచ్చేశారు. సాయంత్రం ఒకటా, సగమా అన్నది అతనికి తెలిసిందో లేదో ఆమెకి ఇక తెలియదు. ఒకసారి పోయిన పిలుపు గురించి మళ్లీ అడగకూడదన్నది అక్కడి నియమం.

అక్కడ నియమాలకేం తక్కువ లేదు. అన్నిటికంటే పెద్దది, ఎవరి మాట చెబుతుంటే వాళ్లలాగే మాట్లాడాలి. 'ఆయనకి కడుపునొప్పిట' అనకూడదు, 'నాకు కడుపునొప్పి' అనాలి. ఆ లెక్కన ఆమెకి పొద్దున్నించీ రెండుసార్లు కడుపునొప్పి వచ్చింది, ఒకసారి పెళ్లి కుదిరింది, ఒకసారి ఇల్లు ఖాళీ చేయమన్నారు. రోజంతా నేను, నేను అంటూనే ఉంటుంది. అందులో ఒక్క నేనూ ఆమె కాదు. సాయంత్రం హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాక, ఆ ఇంట్లో ఆమెని పలకరించడానికి కుక్కర్ తప్ప ఇంకెవరూ లేరు.

ఫోన్ మోగింది. సూపర్వైజరు.

"మీ చుక్క మళ్లీ ఎర్రగా ఉందండీ."

ఆఫీసు తెర మీద ప్రతి దుబాసి పేరు పక్కనా ఒక చుక్క ఉంటుంది. ఇంటి నుంచి బొమ్మ సాఫీగా వెళుతుంటే ఆకుపచ్చ, అంతంతమాత్రంగా వెళుతుంటే పసుపు, చెడిపోతే ఎరుపు. పిలుపులు ముందు ఆకుపచ్చ వాళ్లకి వెళతాయి. ఖాళీ దొరకనప్పుడు పసుపు వాళ్లకి. ఎరుపు వాళ్లకి ఏమీ రావు.

"కేబుల్ కంపెనీకి ఫోన్ చేస్తూనే ఉన్నానండీ."

"చేయండి. కానీ శుక్రవారం పరీక్ష పెడతారు. అప్పటికీ ఎరుపే అయితే మిమ్మల్ని రాతపనికి మారుస్తారు. జీతం ఏమీ తగ్గదులెండి. వీడియోల కింద అక్షరాలు సరిచేసే పని. నిజానికి హాయి. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు."

ఆవిడ ఓదార్పుగానే అంది. దుబాసికి మాత్రం అది శిక్షలా వినిపించింది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని చేసి, ఎవరూ మాట్లాడని ఇంట్లో పడుకోవడం! వెల్డరు వెక్కిరింపు కూడా ఉండదు ఇక. ఆమె "సరేనండీ" అని ఫోన్ పెట్టేసి, వెంటనే కేబుల్ కంపెనీ నంబరు నొక్కింది.

కేబుల్ కంపెనీ అమ్మాయి గొంతు తేనె. ఆ తేనె మూడు రోజులుగా ఒకే పాఠం అప్పజెబుతోంది.

"మోడెమ్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశారా మేడమ్?"

"చేశానమ్మా. చేసీ చేసీ ఆ బటన్ అరిగిపోయింది."

"సినిమాలు వస్తున్నాయా మేడమ్?"

"వస్తున్నాయి."

"ఆగకుండా వస్తున్నాయా?"

"ఆగకుండానే వస్తున్నాయి. వచ్చేవాటితో గొడవ లేదమ్మా. నేను పంపేవే పోవట్లేదు. అందరూ నాకు కనిపిస్తున్నారు, నేనే ఎవరికీ కనిపించట్లేదు."

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. "మీ డౌన్‌లోడ్ చాలా బాగుంది మేడమ్. ఇంకేమైనా సహాయం కావాలా?"

పళ్లు నూరుకోవడం తప్ప ఏం చేస్తుంది! నెత్తీ నోరూ కొట్టుకుని చివరికి గురువారం లైన్‌మన్‌ని పంపిస్తామని మాట తీసుకుంది. ఈలోగా చేతులు ముడుచుకుని కూర్చోలేక తనే రంగంలోకి దిగింది.

వైఫై మీద అనుమానంతో మోడెమ్‌కీ కంప్యూటర్‌కీ మధ్య నేరుగా తీగ పెట్టింది. ఏమీ మారలేదు. గోడలోంచి వచ్చే నల్ల కేబుల్ బల్ల వెనక ఒక చిన్న లోహపు డబ్బాలో దూరి రెండుగా చీలుతోంది. ఒక పాయ మోడెమ్‌కి వెళుతోంది, రెండోది ఎప్పుడో తీసేసిన టీవీ కోసం ఉన్నది, ఊరికే వేలాడుతోంది. ఆ డబ్బా పీకేసి కేబుల్‌ని సూటిగా మోడెమ్‌కి తిప్పి బిగించింది. వేళ్ల బిగువు చాలదని వంటింట్లోంచి పటకారు తెచ్చి ఇంకో పావు చుట్టు తిప్పింది. తర్వాత వేగం పరీక్ష పెట్టింది. పైకి పంపే వేగం కంపెనీ ఇస్తానన్నది అయిదు. ముల్లు లేచి నాలుగు పాయింట్ ఎనిమిది దగ్గర నిలబడింది.

ప్రాణం లేచొచ్చింది. పటకారుని ముద్దుపెట్టుకోవడం ఒక్కటే తక్కువ. అన్నం తిని వచ్చి చూస్తే ముల్లు సున్నా దాటి కొంచెం పైన, చచ్చినట్టు పడి ఉంది.

అక్కణ్నుంచి ఆమె తెలివి పక్కదారి పట్టింది. మోడెమ్ వేడెక్కుతోందేమో అని కిందికి దించింది, నాలుగు దాటింది. నేల చల్లదనం పడలేదేమో, కాసేపటికి మళ్లీ పడిపోయింది. బకెట్ బోర్లించి దాని మీద పెట్టింది, అయిదు వచ్చింది! సాయంత్రం దాకా బ్రహ్మాండంగా ఉంది. దాంతో బకెట్ మీద నమ్మకం కుదిరింది. మర్నాడు మళ్లీ ఎర్రచుక్క పడితే, బకెట్‌ని నిన్నటి చోటు నుంచి తుడిచేటప్పుడు జరిపినందుకే అని తనని తాను తిట్టుకుని, నేల మీద బకెట్ అంచు వదిలిన గుండ్రటి మరక వెతికి, సరిగ్గా దాని మీదికి జరిపింది. చదువుకున్న మనిషి, ఊళ్లో సగంమంది మాటల్ని మోసే మనిషి, బకెట్ ముందు మోకాళ్ల మీద కూర్చుని దాన్ని అంగుళం అటూ ఇటూ జరుపుతూ ఉంది. చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి సరిపోయింది.

అసలు సంగతి బుధవారం మధ్యాహ్నం బయటపడింది.

హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టి పరీక్ష నడుపుతోంది. పక్కింట్లో కుట్టుమిషను నడుస్తోంది. ఆ ఇంట్లోకి ఎవరో ఒకావిడ కొత్తగా దిగింది. దుబాసి ఆవిడని చూడలేదు. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా మీద దారం ముక్కలు చూసింది, లిఫ్టులో ఒకసారి గుండీ దొరికింది. మిగతా పరిచయమంతా గోడలోంచే. టకటకటకమని పొడుగ్గా సాగి, ఒకచోట ఆగి, గుడ్డ తిప్పుకున్నంత సేపు ఊపిరి పీల్చుకుని, మళ్లీ టకటకటక. పిలుపుకీ పిలుపుకీ మధ్య ఆ చప్పుడు కోసమే ఆమె హెడ్‌సెట్ తీసేది. గోడకి అవతల ఒక మనిషి పని చేసుకుంటోందన్న ఊహే హాయిగా ఉండేది. పొడుగు కుట్టు, పొట్టి కుట్టు, దారం మార్చే విరామం, అన్నం విరామం, అన్నీ ఆమెకి కంఠతా వచ్చు.

మిషను ఆగింది. ముల్లు లేచింది.

మిషను మొదలైంది. ముల్లు పడింది.

ఆమె ఒకసారి తెరని, ఒకసారి గోడని చూసింది. లేచి వెళ్లి గోడ మీద అరచెయ్యి ఆనించి, ఇంకో చేత్తో మౌస్ అందుకుని మళ్లీ పరీక్ష పెట్టింది. అరచేతి కింద గోడ సన్నగా అదిరినంతసేపూ ముల్లు నేల మీదే. అదురు ఆగగానే నాలుగున్నర. మళ్లీ చూసింది, మళ్లీ అంతే. పటకారు, బకెట్, గుండ్రటి మరక, ఒక్కటీ ఏమీ చేయలేదు. ఆవిడ అన్నానికి లేచినప్పుడు లైను బాగుపడింది, తిరిగొచ్చి కూర్చున్నప్పుడు చెడింది, అంతే.

ఇన్నాళ్లూ తోడనుకున్నదే తన గొంతు నొక్కుతోందని తెలిసి ఆమెకి కోపం రావాలి. రాలేదు. చేతిలో ఉన్నదేదో ఎవరో లాక్కున్నట్టు దిగులేసింది.

గురువారం లైన్‌మన్ వచ్చాడు. నడుముకి సామాన్ల సంచీ, భుజాన నిచ్చెన, మొహాన ఆ రోజుకి సరిపడా విసుగు. బకెట్ మీది మోడెమ్‌ని చూసి ఏమీ అనలేదు, ఇంతకంటే వింతలు చూసినట్టున్నాడు. కేబుల్ విప్పి చేతిలో మీటరుకి పెట్టుకున్నాడు.

"మీ తీగ బంగారమమ్మా. మీ మోడెమ్ మాత్రం పాపం గొంతు చించుకుంటోంది. తన మాట పైకి వినపడట్లేదని ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అరుస్తోంది."

దుబాసికి వెల్డరు గుర్తొచ్చాడు. "ఎందుకు వినపడట్లేదు?"

"కిందికొచ్చేది మంచినీళ్ల గొట్టం అనుకోండి, శుభ్రంగా అందరికీ పంచుతుంది. పైకెళ్లేది మురుగ్గొట్టం. అందరిళ్ల నీళ్లూ అందులోనే కలవాలి. ఎవరో ఒకరింట్లో కేబుల్ సరిగ్గా లేకపోతే, పక్కనున్న మోటారు పుట్టించే కరెంటు రొదంతా అందులోకి దూరి అందర్నీ ముంచుతుంది." మీటరు వంక చూస్తూ గొణిగాడు, "ఈ బిల్డింగులోనే ఎవరింట్లోనో మోటారు ఉంది. గ్రైండరో, మరోటో. అది దొరికే దాకా నేను అన్ని గడపలూ ఎక్కి దిగాలి. ఈ వారం కాదు గాని…"

గోడ అవతల మిషను పొడుగు కుట్టులో ఉంది.

రేపు శుక్రవారం. రేపటితో వెల్డర్లూ, కడుపునొప్పులూ, పెళ్లిళ్లూ, అన్నీ పోతాయి.

"కుట్టుమిషనండీ," అంది. "పక్కింట్లో."

లైన్‌మన్ చెవి ఒగ్గాడు. మీటరులో గీతలు ఎగిరిపడుతున్నాయి. మొహంలో విసుగు కాస్తా పోయింది. "అరె, పట్టేశారే!"

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. అతను పక్క తలుపు మీద రెండుసార్లు కొట్టాడు. లోపల టకటకటక. మళ్లీ కొట్టాడు. టకటకటక.

"మిషను చప్పుడుకి వినపడట్లేదులా ఉంది," అన్నాడు.

అది పొడుగు కుట్టు. ఇంకాసేపట్లో ఆగుతుంది. గుడ్డ తిప్పుకుంటుంది. ఆ క్షణంలో కొడితే వినపడుతుంది. ఆ సంగతి ఈ లోకంలో ఒక్క దుబాసికే తెలుసు. 'ఒక్క నిమిషం ఆగండి' అంటే చాలు. అనలేదు. ఆగితే తలుపు తెరుచుకుంటుంది, లోపలికి వెళ్లాలి, వెతకాలి, మాట్లాడాలి, ఇతను ఇంకోరోజు వస్తానంటాడు, రేపటి పరీక్ష పోతుంది. ఇవన్నీ ఒక్కసారే బుర్రలో తిరిగాయి.

లైన్‌మన్ మెట్ల పక్కనున్న ఇనుప పెట్టె తెరిచి, తీగల గుత్తిలోంచి ఒకటి పట్టుకుని విప్పేశాడు. దాని మెడకి ఎర్రచీటీ కట్టి వేలాడదీశాడు.

"అదేంటండీ, తీసేశారా?"

"రూలు అదేనమ్మా. పాడుచేసే లైను ముందు తీసేయాలి. ఆవిడ ఫోన్ చేసి చెప్పుకుంటే ఇంట్లో తీగ మార్చేవాళ్లని పంపుతారు."

"ఎప్పటికి?"

"నెలాఖరుకో, ఆ పైనో. వాళ్లు వేరే టీమ్." పెట్టె మూసి నిచ్చెన ఎత్తుకున్నాడు. "మీది ఒకసారి చూసుకోండి."

చూసుకుంది. అయిదు. నిండా అయిదు. మిషను నడుస్తున్నా అయిదే.

శుక్రవారం పరీక్షలో చుక్క ఆకుపచ్చగా మెరిసింది. సూపర్వైజరు ఫోన్ చేసి మరీ మెచ్చుకుంది. "మీ వేళ్లు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, ఉంగరం తీసేసిన చోటి మచ్చ కూడా కనిపిస్తోందండీ," అంది. మెచ్చుకోలే, కానీ దుబాసి ఆ చెయ్యి బల్ల కిందకి దించుకుంది.

పిలుపులు వెంటవెంటనే వచ్చాయి. ఇంటి యజమానితో గొడవ, బడిలో చేరిక, తప్పిపోయిన కుక్క. ఆమె చేతులు నదిలా సాగాయి. మధ్యలో విరామం దొరికి హెడ్‌సెట్ తీసింది.

గోడలో చప్పుడు లేదు.

అన్నం వేళేమో అనుకుంది. అన్నం వేళ అయిపోయింది. ఎప్పుడో ఒకసారి కొద్దిగా టకటకమని, అంతలోనే ఆగిపోయింది, పని మీద మనసు లేని చప్పుడు. ఆ తర్వాత తలుపు తీసిన చప్పుడు, మెట్ల మీద అడుగులు. మళ్లీ తలుపు. మళ్లీ అడుగులు. శనివారం కూడా అదే వరస. దుబాసి ఒక పిలుపు మధ్యలో "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అంది. అది అవతలి మనిషి మాటో తన మాటో ఒక్క క్షణం ఆమెకే తెలియలేదు.

ఆ మధ్యాహ్నం చెత్తబుట్ట పట్టుకుని బయటికి వచ్చేసరికి, పై అంతస్తుకి వెళ్లే మెట్ల మలుపులో కిటికీ దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. యాభై అయిదు దాటి ఉంటాయి. మెడలో టేపు, రవిక మీద వరసగా గుచ్చిన గుండుసూదులు, ఎడమచేతికి సగం కుట్టిన కాలరు తొడుక్కుని అలాగే వచ్చేసింది. కుడిచెయ్యి కిటికీ చువ్వల్లోంచి బయటికి చాపి, ఫోన్‌ని ఆకాశానికి చూపిస్తోంది. ఆ బిల్డింగులో వీడియోకి చాలే ఫోన్ సిగ్నల్ అంటూ ఏడిస్తే ఆ కిటికీ దగ్గరే.

"చెల్లీ… కనిపిస్తున్నానా? నువ్వు కనిపిస్తున్నావే. నేను? నేను కనిపిస్తున్నానా?"

ఫోన్ ఏదో గరగరమని ఆగిపోయింది. ఆవిడ చెయ్యి లోపలికి తీసుకుని, తెరని ఆ కాలరుతో తుడిచి, మళ్లీ చాపింది.

దుబాసి చెత్తబుట్ట అక్కడే పెట్టి ఇంట్లోకి వచ్చేసి తలుపు వేసుకుంది. వీపు తలుపుకి ఆనించి నిలబడింది. ఆ మాటలు తనవి. కంపెనీ అమ్మాయితో మూడు రోజులు మొత్తుకున్న మాటలు అవి. తన మీద నుంచి ఎత్తి ఆవిడ నెత్తిన పెట్టి వచ్చింది. ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

ఆదివారం సెలవు. దుబాసి పక్క తలుపు ముందు నిలబడి లోపలి చప్పుడు విన్నది. మిషను చిన్న కుట్టు వేస్తోంది. ఆగింది. గుడ్డ తిప్పుకునే వేళ. అప్పుడు కొట్టింది.

తలుపు వెంటనే తెరుచుకుంది. "కాలర్ల కోసమా? సోమవారం అని చెప్పానే."

"కాదండీ. నేను పక్కింట్లో ఉంటాను."

"ఓహో! ఆ ఇంట్లో మనుషులున్నారా? చప్పుడే వినపడదు, ఖాళీ అనుకున్నా." ఆవిడ పక్కకి జరిగింది. "రా తల్లీ, రా. సూదులుంటాయి, చూసి అడుగెయ్యి."

గదిలో మిషను గోడకి ఆనించి ఉంది, దుబాసి బల్లకి సరిగ్గా అవతల. కాలర్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. మిషను బల్ల మీద దారపు రీళ్ల డబ్బా, దానికి ఆనించి నిలబెట్టిన ఫోను. ఫోను తెర చీకటిగా ఉంది. కుర్చీకి ఎదురుగా, మనిషి కూర్చున్నట్టు, దాన్ని మాత్రం అలాగే ఉంచుకుంది.

దుబాసి మాటలు వెతుక్కుంది. ఊరందరి మాటలూ తడుముకోకుండా చెప్పే మనిషికి తన మాట ఒక్కటీ నోటికి అందలేదు. చేతులు వాటంతట అవే లేచాయి, దించుకుంది.

"మీ నెట్ తీయించింది నేనే," అంది చివరికి.

ఆవిడ మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టింది.

"మీ మిషను వేస్తే నా లైను ఆగిపోతోంది. నా పని పోతుందని భయమేసింది. లైన్‌మన్‌కి నేనే చెప్పాను. అతను తలుపు కొట్టాడు, మీకు వినపడలేదు. కాసేపు ఆగితే మీరు ఆపుతారని నాకు తెలుసు. తెలిసీ ఆగమని అనలేదు."

ఆవిడ నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. చేతికి తొడిగిన కాలరు తీసి ఒళ్లో పెట్టుకుని దాని మడత సరిచేసింది. చాలాసేపు సరిచేసింది.

"నా మిషనా?" అంది. "ఇది నా మాటే వినదు. నీ నెట్టుని ఎలా పట్టుకుంది?"

దుబాసి కిందికి వంగి చూసింది. గుమ్మం దగ్గర గోడలోంచి వచ్చిన నల్ల కేబుల్ గది చుట్టూ తిరిగి మిషను కిందికి వచ్చింది. మోటారుకి జానెడు దూరంలో దానికి ఒక అతుకు ఉంది. తీగ కోసి, లోపలి రాగి మెలిపెట్టి, దాని మీద గుండీలు కుట్టే నల్లదారంతో ఒత్తుగా, అందంగా చుట్టి, చివర ముడి కనపడకుండా దాచిన అతుకు.

"తీగ ఇక్కడిదాకా రాలేదు," అంది ఆవిడ. "దుకాణంలో ముక్క కొనుక్కొచ్చి అతికించాను. గట్టిగానే ఉందిగా?"

గట్టిగానే ఉంది. గుడ్డ అయితే పదేళ్లు ఊడదు. కేబుల్‌కి మాత్రం అది తెరిచి పెట్టిన కిటికీ. మిషను మోటారు రొదంతా అందులోంచే దూకి బిల్డింగు పైకి ఎక్కింది. దుబాసి ఆ మాట మామూలుగా, తప్పు పట్టకుండా చెప్పింది. ఆవిడ మొహం చిన్నబోయింది.

"చెల్లెలి కోసం వేశాను ఈ తీగ," అంది. "ఒకే బల్లకి ఎదురెదురుగా కూర్చుని కుట్టేవాళ్లం, నేను కాలర్లు, అది చేతులు. ఆ దుకాణం మూసేశాక అది అటు, నేను ఇటు. పొద్దున కూర్చోగానే ఫోన్ పెట్టుకుంటాం, సాయంత్రం తీస్తాం. మాట్లాడుకోవడానికి ఏముంటుంది రోజూ? ఏమీ ఉండదు. దాని మిషను నాకు వినపడుతుంది, నాది దానికి. అది ఆపితే నేనూ లేచి మంచినీళ్లు తాగుతాను." చీకటి తెర వంక చూసింది. "మూడు రోజుల్నించీ చెయ్యి సాగట్లేదు."

దుబాసి గోడ వంక చూసింది. దానికి తన ఇంటి వైపున తను విన్నది ఒక మిషను చప్పుడు కాదు, రెండు మిషన్ల మాటలు. వాటి మధ్యలో తనూ ఎవరూ పిలవకుండా వచ్చి కూర్చుంది.

"మీ ఫోన్ ఒకసారి ఇవ్వండి," అంది. "కంపెనీవాళ్లు వచ్చేదాకా నా వైఫై వాడుకోండి. గోడ పక్కనే కాబట్టి బాగానే అందుతుంది."

"మరి నీకు తగ్గదూ?"

"తగ్గుతుంది."

ఆవిడ ఆమె మొహంలోకి తేరిపార చూసింది. కోపం ఉందో లేదో తెలియలేదు. ఉన్నా న్యాయమే అనుకుంది దుబాసి. చివరికి ఆవిడ ఫోన్ తీసి అందించింది. "అండీ గిండీ ఏంటి, అక్కా అను. ఇంత చేశాక."

సోమవారం పొద్దున దుబాసి నీలిదుప్పటి ముందు కూర్చునేసరికి చుక్క ఆకుపచ్చగా ఉంది. గోడ అవతల కుర్చీ లాగిన చప్పుడైంది. చుక్క కళ్లముందే పసుపయింది. పరీక్ష పెడితే ముల్లు మూడు దగ్గర ఊగుతోంది. ఆ వెంటనే టకటకటక, పొడుగు కుట్టు.

సూపర్వైజరు ఫోన్. "మళ్లీ పసుపేంటండీ? మొన్న బ్రహ్మాండంగా ఉంది కదా. కంపెనీకి చెప్పారా?"

"కంపెనీ తప్పేం లేదండీ. ఇంకొకరు వాడుతున్నారు."

"మీరొక్కరే ఉంటారుగా?"

"పక్కన ఉంటారు."

"పసుపు పెట్టుకుంటే పిలుపులు సగం కూడా రావు, చెబుతున్నా."

"తెలుసండీ."

రాలేదు. పొద్దున ఒకటి వచ్చింది, చేతులు కాస్త మసకగా వెళ్లినా వేళ్లు వేళ్లలాగే ఉన్నాయి. ఆ తర్వాత తెర ఖాళీ. పిలుపులన్నీ ఆకుపచ్చ చుక్కల వాళ్ల ఇళ్లకి వెళ్లిపోతున్నాయి. పరీక్ష పేజీ ఇంకా తెరిచే ఉంది, ముల్లు మూడు దగ్గరే ఊగుతోంది. ఈ ముల్లు కోసమేగా పటకారు పట్టుకుంది, బకెట్‌కి మొక్కింది! ఆమె ఆ పేజీ మూసేసి, హెడ్‌సెట్ తీసి మెడలో వేసుకుంది.

మిషను ఆగింది. అయినా గోడలో టకటక వినపడుతూనే ఉంది, సన్నగా, దూరంగా, ఫోన్‌లోంచి వచ్చే రెండోది. అది కూడా ఆగింది. గ్లాసు చప్పుడు.

"అక్కా," అంది ఫోన్‌లో ఎవరో, గరగర లేని గొంతుతో. "నీ పక్కింటి అమ్మాయి ఏం చేస్తోందే?"

"పనిలో ఉంది. గట్టిగా అరవకు."

ఆ మాటల్లో ఉన్నది దుబాసే. అద్దెకి తెచ్చుకున్న నేను కాదు, సాక్షాత్తూ తను. ఎక్కడో ఉన్న ఎవరో ఆమె గురించి అడిగారు, ఇంకెవరో జవాబు చెప్పారు. మధ్యలో ఆమె ఒక్క చెయ్యి కూడా కదపలేదు.

అవతల మిషన్లు రెండూ మళ్లీ మొదలయ్యాయి. ఆమె హెడ్‌సెట్ పెట్టుకోలేదు, పిలుపు వస్తే తెర మీద ఎలాగూ కనిపిస్తుంది.